రోస్కాలో బొమ్మ మీకే వచ్చిందా? ఫిబ్రవరి 2 కాందెలారియా పండుగ, పంది కొవ్వు లేని తమాలెస్

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం మీద మెక్సికోలోని గ్వాదలహారా వచ్చి కొద్దికాలమే అయింది. జనవరి 6న ఆఫీసులో గుండ్రటి తీపిరొట్టె కోశారు, మీ ముక్కలో చిన్న ప్లాస్టిక్ పిల్లాడి బొమ్మ వచ్చింది. "ఫిబ్రవరి 2న తమాలెస్ నీ వంతు" అని అందరూ చప్పట్లు కొట్టారు. అది సరదాకి అన్న మాటా, నిజంగా పెట్టాలా? ఆ పండుగేమిటి? మీరు శాకాహారులు కాబట్టి పంది కొవ్వు లేకుండా చేయొచ్చా?

నిజంగానే పెట్టాలండి. తమాలెస్ అంటే మొక్కజొన్న పిండి మధ్యలో కూర పెట్టి, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి, ఒక్కదాన్ని తమాల్ అంటారు. అయితే మీరే వండాలని ఎవరూ పట్టుబట్టరు, కొని తెచ్చినా మాట నిలబెట్టుకున్నట్టే. ఆ రొట్టెలో, అంటే రోస్కాలో, సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ బొమ్మలు పెడతారు. బొమ్మ వచ్చినవాళ్లంతా ఖర్చు పంచుకోవడం మామూలే. ముందు ఇంకెవరికి వచ్చిందో కనుక్కోండి. ఒకరు తమాలెస్, ఇంకొకరు వాటితో తాగే అతోలే తెస్తే బరువు తగ్గుతుంది. శాకాహారంగా చేయడం సాధ్యమే, రుచిగానూ వస్తాయి.

కొనేటట్టయితే మాత్రం లోపల ఏ కూర పెట్టారో చూసి శాకాహారం అనుకోకండి. మిరప చీలికలూ చీజూ పెట్టిన "రాహాస్ కోన్ కేసో" చూడ్డానికి శాకాహారమే. కానీ దాని పిండిలో చాలాసార్లు పంది కొవ్వు, కోడి ఉడికించిన నీళ్లు కలుస్తాయి. గులాబీరంగు తీపి తమాలెస్‌లోనూ పంది కొవ్వు వాడేవాళ్లున్నారు. ఆ రంగు కోసం కార్మిన్ వాడితే అది పురుగుల నుంచి తీసేది. అందుకే అమ్మేవాళ్లని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: "లా మాసా యేవా మాంతేకా దే పుయెర్కో?", "యేవా కాల్దో దే పోయో?" మొదటిది పంది కొవ్వు గురించి, రెండోది కోడి రసం గురించి. "కార్నే (మాంసం) లేదుగా" అని అడిగితే లేదనే అంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో కొవ్వు మాంసం కిందికి రాదు. ఆ రోజున గిరాకీ విపరీతం కాబట్టి నాలుగైదు రోజుల ముందే డజన్ల లెక్కన చెప్పి పెట్టుకోవాలి.

ఇక పండుగ సంగతి. క్రిస్మస్ నుంచి లెక్కేస్తే ఫిబ్రవరి 2 నలభయ్యో రోజు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం మగబిడ్డ పుట్టిన నలభై రోజులకు తల్లి శుద్ధి జరగాలి. ఆ రోజు మరియ, యోసేపు పసివాడైన యేసును యెరూషలేము ఆలయానికి తీసుకెళ్లారని లూకా సువార్త చెబుతుంది. అక్కడ సుమెయోను అనే వృద్ధుడు ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకుని, అన్యజనులకు వెలుగు అన్నాడు. ఆ వెలుగుకు గుర్తుగా చర్చిలో కొవ్వొత్తులను ఆశీర్వదిస్తారు, కాందెలారియా అన్న పేరూ కొవ్వొత్తుల మీదనే వచ్చింది.

మెక్సికోలో దీనికి ఇంటి వైపు నుంచి ఒక కథ కలిసింది. క్రిస్మస్‌కి ఇంట్లో పశువుల పాక, గొర్రెల కాపరులతో నసిమియేంతో అమర్చి, అందులో పసి యేసు విగ్రహాన్ని, నిన్యో దియోస్‌ని, పడుకోబెడతారు. జనవరి 6న ముగ్గురు రాజులు కానుకలు తెచ్చిన రోజు, అప్పుడే రోస్కా కోస్తారు. రొట్టెలో బొమ్మను దాచడం చంపాలని చూసిన హేరోదు రాజు కంటపడకుండా బిడ్డను దాచినదానికి గుర్తని చెప్తారు. బొమ్మ దొరికినవారు ఆ బిడ్డకు పద్రీనో, ఆడవారైతే మద్రీనా, అంటే జ్ఞానపితరులు అవుతారు. ఫిబ్రవరి 2న బిడ్డను పాకలోంచి లేపి, కొత్తబట్టలు తొడిగి, చర్చికి తీసుకెళ్లి ఆశీర్వాదం చేయించి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టే బాధ్యత వారిది. ఆఫీసుల్లో విగ్రహం, బట్టలు పోయి భోజనం ఒక్కటే మిగిలింది. మీ మీద పడింది ఆ చివరి భాగం. సహోద్యోగులు మిమ్మల్ని ఆటపట్టించడానికి చేసిన పని కాదు, వాళ్లింటి బంధుత్వంలో ఒక మెట్టు మీకు ఇచ్చినట్టు లెక్క. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్తున్నాను.

మెక్సికో సిటీ వెళ్లే పనుంటే జనవరి చివర్లో లా మెర్సెద్ పేటలోని తలవేరా వీధి చూడండి. వీధి పొడుగునా పసి యేసుకు బట్టలు, కిరీటాలు, చిన్న కుర్చీలు అమ్ముతారు, విరిగిన విగ్రహాలకు వేళ్లూ రెప్పలూ బాగుచేస్తారు. సోచిమిల్కోలో నిన్యోపా అనే ప్రాచీన విగ్రహం ఏడాదికొక ఇంట్లో ఉంటుంది, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారేది ఈ ఫిబ్రవరి 2నే. వేరాక్రూస్ రాష్ట్రంలో త్లాకోతాల్పన్ ఊరు కాందెలారియా మాతకు పెట్టింది పేరు. అక్కడ విగ్రహాన్ని పడవ మీద పాపలోఆపన్ నదిలో ఊరేగిస్తారు.

తమాలెస్ ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు అంటే, మొక్కజొన్నే కారణం. 16వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సన్యాసి సహగూన్ రాతల్లో ఆస్తెకుల మొదటి నెల ఫిబ్రవరి 2న మొదలవుతుందనీ, అది వానదేవుడు త్లాలోక్‌కూ అతని పరివారానికీ చెందినదనీ ఉంది. దీన్ని పట్టుకుని "కాందెలారియా అంటే పాత వానపండుగే" అని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. ఆ పంచాంగాల లెక్క మీద పండితుల్లో వాదాలున్నాయి కాబట్టి నేనంత దూరం వెళ్లను. కళ్లెదుట ఉన్నది చాలు: చాలా పల్లెల్లో ఈ రోజున విత్తనానికి ఉంచుకున్న మొక్కజొన్న కంకులను కొవ్వొత్తులతో పాటు చర్చికి తీసుకెళ్లి ఆశీర్వాదం చేయిస్తారు, ఆ తర్వాతే విత్తుతారు.

ఒక గందరగోళం ముందే తీర్చుకోండి. ఫిబ్రవరి 2 చట్టప్రకారం సెలవు కాదు. ఫిబ్రవరి మొదటి సోమవారం ఇచ్చే సెలవు 1917 ఫిబ్రవరి 5 నాటి రాజ్యాంగానిది. 2026లోలా రెండూ ఒకే రోజు పడితే ఆఫీసు భోజనం ఏ రోజో ముందే అడగండి.

ఇప్పుడు అసలు పని. తమాల్ బాగుండటం, పాడవటం పిండిలో ఉంది, కూరలో కాదు. ఆ పిండిని మాసా అంటారు. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బినది. సున్నం గింజ పైపొరను కరిగిస్తుంది, పిండికి జిగురునిస్తుంది. మన దగ్గర దొరికే మామూలు మొక్కజొన్న పిండికి ఆ జిగురు లేదు, ఎంత పిసికినా విడిపోతుంది. కార్న్‌ఫ్లోర్ అని అమ్మేది ఉత్త గంజిపొడి, దీనికి అసలు పనికిరాదు.

మీకు గ్వాదలహారాలో రెండు దారులు. ఒకటి, మోలీనో, అంటే పిండిమర, నుంచి పచ్చి మాసా కొనడం. అక్కడ "పారా తమాలెస్, సిన్ ప్రేపరార్" (తమాలెస్ కోసం, ఏమీ కలపనిది) అని అడగాలి. "ప్రేపరాదా" అంటే కొవ్వు, ఉప్పు ముందే కలిపేసినది, మీకు పనికిరాదు. తోర్తీయా అనే పల్చటి రొట్టెలకు వాడే మాసా మరీ మెత్తగా ఉంటుంది, తమాల్‌కి కాస్త బరకగా ఉండాలి. రెండో దారి, మసేకా లాంటి పొడి మాసా పిండి. తమాలెస్ కోసమని విడిగా బరకరకం పొట్లం దొరుకుతుంది, అదే తీసుకోండి.

ఇరవై అయిదు నుంచి ముప్ఫై తమాలెస్‌కి కొలతలు ఇవి: పొడి మాసా పిండి 500 గ్రాములు (లేదా పచ్చి మాసా ఒక కిలో), గట్టి కొవ్వు 250 గ్రాములు, ఉప్పు రెండున్నర టీస్పూన్లు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు. నీళ్లు, కూరగాయల రసం కలిపి పొడిపిండికైతే 850 నుంచి 950 మిల్లీలీటర్లు, పచ్చి మాసాకైతే 250 నుంచి 350. మనిషికి రెండు చొప్పున వేసుకుని, పైన ఒక డజను ఎక్కువే చేయండి.

కొవ్వు విషయంలో జాగ్రత్త. పంది కొవ్వు స్థానంలో సగం వెన్న, సగం "మాంతేకా వెహెతాల్" అనే గట్టి వనస్పతి కొవ్వు వాడితే మంచి ఫలితం వస్తుంది. పూర్తిగా వెన్నే వేస్తే రుచి బాగుంటుంది కానీ వేడి రోజున గిలక్కొడుతుండగానే కరిగిపోతుంది. నూనె వద్దు. గట్టి కొవ్వును గిలక్కొట్టినప్పుడు లోపల గాలి నిలుస్తుంది, ఆ గాలే ఆవిరిలో ఉబ్బి తమాల్‌ను గుల్లగా చేస్తుంది. నూనె అంత గాలిని పట్టి ఉంచదు, తినగలిగేలా వస్తాయి గానీ ముద్దకట్టి బరువుగా ఉంటాయి.

పొడిపిండిని 600 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లతో కలిపి మూతపెట్టి అరగంట ఉంచండి. ఈలోగా కొవ్వు, ఉప్పు, బేకింగ్ పౌడర్ కలిపి మిక్సర్ బీటర్‌తో ఎనిమిది పది నిమిషాలు, తెల్లగా తేలికగా అయ్యేదాకా కొట్టండి. తర్వాత నానిన పిండిని గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, మధ్యమధ్య రసం పోస్తూ ఇంకో పది నిమిషాలు కొట్టాలి. రసం చల్లారి ఉండాలి, వేడిగా పోస్తే కొవ్వు కరిగి అంతసేపు పట్టించిన గాలి పోతుంది. గరిటెతో ఎత్తితే కాసేపు నిలిచి మెల్లగా జారాలి. పిండి రెడీ అయిందా లేదా అన్నది గారెల పిండిని చూసినట్టే చూడండి: గోళీ అంత ఉండ చన్నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలి. నోట్లో వేసుకుంటే ఉప్పు ఒక పిసరు ఎక్కువనిపించాలి, ఆవిరికి ఉప్పు మందగిస్తుంది.

బేకింగ్ పౌడర్ రాకముందు తోమాతే వెర్దే అనే, కాగితంలాంటి తొడుగుండే పచ్చటి కాయల పైతొడుగులను తెకెస్కీతే అనే ఖనిజపు ఉప్పుతో మరిగించి, వడకట్టిన ఆ నీళ్లనే పిండిలో పోసేవారు. ఇప్పటికీ కొందరు అలాగే చేస్తారు, పిండి గుల్లగా వస్తుంది. మీకు మొదటిసారి కాబట్టి బేకింగ్ పౌడర్‌తోనే కానివ్వండి.

కూరకి, ఆరు పొబ్లానో మిరపకాయలను మంట మీద నల్లగా కాల్చి, మూత ఉన్న గిన్నెలో పది నిమిషాలు ఉంచితే తొక్క ఊడొస్తుంది. గింజలు తీసి చీలికలు చేసి, ఉల్లిపాయతో కాస్త వేయించండి. ఒక్కో తమాల్‌కి రెండు చీలికలు, వేలంత పానెలా చీజ్ ముక్క. నియమంగా ఉండే శాకాహారులైతే చీజ్ పొట్లం మీద "కువాహో", అంటే పాలను విరగ్గొట్టే పదార్థం, ఏ రకమో చూడండి. దూడ పొట్ట నుంచి తీసినది వాడే చీజులు చాలా ఉన్నాయి, "మిక్రోబియానో" (సూక్ష్మజీవుల నుంచి తీసినది) అని ఉంటే పర్వాలేదు. దీనికి తోడు పచ్చ సాల్సా: అర కిలో తోమాతే వెర్దే, మూడు నాలుగు సెర్రానో మిరపకాయలు ఉడికించాలి. కాయలు పచ్చదనం పోయి ఆలివ్ రంగుకి తిరగ్గానే దించేయాలి, పగిలేదాకా ఉంచితే చేదెక్కుతాయి. రెండు వెల్లుల్లి రెబ్బలు, పావు ఉల్లిపాయ, కొత్తిమీరతో రుబ్బి, నూనెలో పది నిమిషాలు దగ్గరపడేదాకా వేయించండి. సాల్సా పల్చగా ఉంటే పిండిలోకి ఇంకి తమాల్ ఎప్పటికీ గట్టిపడదు. మాంసాహారులకు కొంత సాల్సాను వేరే గిన్నెలోకి తీసి, ఉడికించి చీల్చిన కోడిమాంసం అందులో కలిపి విడిగా చుట్టి, వేరే రంగు దారం కట్టండి.

ఎండిన మొక్కజొన్న పొత్తి ఆకులను వేడినీళ్లలో గంటసేపు, పైన పళ్లెం బరువు పెట్టి నానబెట్టాలి. నునుపు వైపు లోపలికి ఉండాలి, గీతల వైపు పెడితే పిండి అంటుకుంటుంది. వెడల్పు కొస దగ్గర మూడు చెంచాల పిండి పరిచి, పక్కల రెండు సెంటీమీటర్లు, సన్నకొస వైపు మూడోవంతు ఖాళీ వదలండి. మధ్యలో ఒకటిన్నర చెంచాల కూర. పిండి అంచులు ఒకదానికొకటి కలిసేలా రెండు పక్కలా మడిచి, సన్నకొసను వెనక్కి మడవండి. దక్షిణ రాష్ట్రాలైన వహాకా, చియాపస్, తబాస్కో, యుకతాన్ వైపు అరిటాకు వాడతారు. అరిటాకైతే ఈనె తీసేసి మంట మీద తిప్పి, మెరుపొచ్చాక చుట్టాలి, లేకపోతే మడతలో చిరుగుతుంది.

ఆవిరిగిన్నెలో మడిచిన కొస కిందికి, తెరిచిన వైపు పైకి ఉండేలా నిలబెట్టండి. మరీ ఇరికించకూడదు, ఉబ్బడానికి చోటుండాలి. పైన మిగిలిన ఆకులు, తడిబట్ట, ఆపైన మూత. గిన్నె అడుగున నీళ్లలో ఒక నాణెం వేయడం ఇక్కడి ఇళ్లలో ఉన్న మంచి పద్ధతి: నీళ్లు మరుగుతున్నంతసేపు టకటకలాడుతుంది, చప్పుడు ఆగితే నీళ్లు అయిపోయాయని అర్థం. అప్పుడు మరుగుతున్న నీళ్లే పోయాలి. ఆవిరి వచ్చాక గంట నుంచి గంటంబావు పడుతుంది. ఒకటి తీసి అయిదు నిమిషాలు ఆరనిచ్చి విప్పండి. ఆకు శుభ్రంగా ఊడొస్తే ఉడికినట్టు. పొయ్యి ఆపాక పదిహేను నిమిషాలు గిన్నెలోనే వదిలేయాలి, ఆ సమయంలోనే పిండి బిగుసుకుంటుంది. చాలామంది తొందరపడి వేడివేడిగా విప్పి, ఉడకలేదని పొరబడతారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఆకుకి అంటుకుంటే టైము చాల్లేదు లేదా పిండి పల్చన. పొడిగా రాలిపోతే రసమో కొవ్వో తక్కువ. కింది వరస ముద్దైతే నీళ్లు తమాలెస్‌ని తాకుతున్నాయి, చిల్లుల పళ్లెం ఎత్తు పెంచాలి. సగం ఉడికి సగం పచ్చిగా ఉంటే మాటిమాటికీ మూత తీశారు. ఇలా సగంసగం ఉడికితే వంటింట్లో ఎవరో కోపంగా ఉన్నారని, తమాలెస్ అలిగాయని ఇక్కడి పెద్దవాళ్లు నమ్ముతారు. మీ సహోద్యోగుల అమ్మమ్మల దగ్గర ఈ మాట వింటే గౌరవంగా తలూపండి.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్లకి: మాసా పిండి దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. తినడానికి అమ్మే ఎండు మొక్కజొన్న కిలో, నీళ్లు మూడు లీటర్లు, తినదగిన సున్నం పది గ్రాములు. అరగంట నుంచి ముప్పావుగంట సన్నగా మరిగించి, రాత్రంతా అదే నీళ్లలో ఉంచి, పొద్దున పైపొట్టు పోయేలా నాలుగైదుసార్లు కడిగి, వీలైనంత తక్కువ నీళ్లతో గట్టిగా రుబ్బాలి. విత్తనాల దుకాణం మొక్కజొన్న ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి, దానికి మందు పట్టించి ఉంటుంది. గోడకు వేసే సున్నమూ వద్దు, తాంబూలపు సున్నమే వాడాలి. అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది, స్టీలుదే తీసుకోండి. స్వీట్‌కార్న్‌తో ఇది కుదరదు. తోమాతే వెర్దేకి బదులు పచ్చి టమాటా, నిమ్మరసం. పొబ్లానోకి బదులు బజ్జీ మిరపకాయ. పానెలా చీజ్‌కి బదులు పనీర్. ఇడ్లీ పాత్రలో ఎత్తు చాలదు కాబట్టి పొట్టిగా చుట్టి, చిల్లుల పళ్లెం మీద అడ్డదిడ్డంగా పేర్చండి.

సున్నంలో ఉడికించడం జిగురు కోసమే కాదు. మొక్కజొన్నలో బంధించి ఉండే నియాసిన్ అనే విటమిన్‌ను సున్నం విడిపిస్తుంది. ఈ పద్ధతి తీసుకోకుండా పంటను మాత్రమే తీసుకెళ్లి, దాన్నే ముఖ్య ఆహారంగా చేసుకున్న ఇటలీ, స్పెయిన్, యునైటెడ్ స్టేట్స్ దక్షిణ రాష్ట్రాల పేదలను పెల్లాగ్రా వ్యాధి పీడించింది. మెక్సికో రైతు ఇంటి పద్ధతి ఎంత విలువైనదో ఇక్కడే తెలుస్తుంది.

అతోలేకి 50 గ్రాముల మాసా పిండిని పావు లీటరు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, దాల్చినచెక్క వేసి మరిగిన ముప్పావు లీటరు నీళ్లలో పోస్తూ పది నిమిషాలు కలపాలి. 100 గ్రాముల పిలోన్సియో వేయండి, అది బెల్లమే. పాలతో చేస్తే మాత్రం బెల్లం విరగ్గొట్టే ప్రమాదం ఉంది కాబట్టి, దించి కాస్త చల్లారాక బెల్లం పాకం కలపండి.

వడ్డించేటప్పుడు ఆకు విప్పి తినాలని కొత్తవాళ్లకు చెప్పండి. 1976లో శాన్ ఆంటోనియోలో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఆకుతో సహా కొరికి వార్తల్లోకెక్కాడు. ఆఫీసుకి గిన్నెతోనే, బట్టలో చుట్టి తీసుకెళ్తే రెండు గంటలు వేడి నిలుస్తుంది. మిగిలినవి ఆకుతోనే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు ఆగుతాయి. ఫ్రీజర్‌లోంచి తీసినవి కరగనివ్వకుండా నేరుగా ఆవిరి మీద అరగంట పెట్టండి. ఫ్రిజ్‌లోవైతే ఆకు తీయకుండా పెనం మీద సన్నసెగన, ఆకు అక్కడక్కడా నల్లబడేదాకా తిప్పుతూ కాల్చండి. మొదటి రోజు కంటే ఇలాగే బాగుంటాయనేవాళ్లు చాలామంది.